మిథాలీకి కప్పు లేదు, అందుకని హాల్ ఆఫ్ ఫేమ్ ఉండకూడదా?

ఉప్పల్ శ్రీను:
నిన్న లంచ్‌లో మా టీమ్‌ అతను ఒక మాటన్నాడు. "మిథాలీ రాజ్ కెప్టెన్‌గా రెండు వరల్డ్ కప్ ఫైనల్స్ ఓడింది. ఆమెకి హాల్ ఆఫ్ ఫేమ్ ఎందుకు?" హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఆటలో గొప్పవాళ్ల పేర్లు చేర్చే గౌరవ జాబితా. నాకు ముద్ద దిగలేదు. 232 వన్డేలు, 7805 పరుగులు. మహిళల వన్డేల్లో అంత కొట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. 19 ఏళ్లకే టాంటన్ టెస్టులో 214. రిటైరై ఐదేళ్లు నిండాలి కాబట్టి ఐసీసీ లిస్టులో ఆమె పేరు 2027లో చర్చకు రావాలి. మీరేమంటారు?

హాస్టల్ 204:
2017 వరల్డ్ కప్ ఫైనల్ మేం పదిమందిమి ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూశాం. టార్గెట్ 229, మనవాళ్లు 191కి మూడే వికెట్లు. స్వీట్లకి డబ్బులు కూడా పోగేశాం. పూనమ్ రౌత్ 86 దగ్గర అవుటైంది, అంతే. 28 పరుగుల్లో ఏడు వికెట్లు పోయాయి. ఓడింది 9 పరుగులతో. మిథాలీ ఆ రోజు 17కే రనౌట్, కాదనను. కానీ 23 ఏళ్ల ఆటని ఆ 9 పరుగులతో కొలిస్తే ఎలా?

గుంటూరు రాకెట్:
నేను కొంచెం ఎదురు చెప్తాను, ఏమనుకోకండి. ఫైనల్లో ఆడటం కూడా ఒక విద్యే. 1996 వరల్డ్ కప్ ఫైనల్లో శ్రీలంక ఆటగాడు అరవింద డిసిల్వా మూడు వికెట్లు తీసి, 107 నాటౌట్ కొట్టాడు. ఆ ఒక్క రోజుకి విలువ లేదంటే ఎలా? పైగా టీమ్ ఆట వేరు, బ్యాడ్మింటన్‌లోలా ఒక్కరే ఆడే సింగిల్స్ వేరు. సింగిల్స్‌లో నెపం వేయడానికి పక్కన ఎవరూ ఉండరు.

హ్యూస్టన్ వాసు:
ఇక్కడ బాస్కెట్‌బాల్‌లో ఎప్పుడూ ఇదే గోల, "ఎన్ని రింగులు?" అని, అంటే ఎన్ని టైటిళ్లు గెలిచాడని. రాబర్ట్ హోరీకి ఏడు టైటిళ్లు, అందులో రెండు మా హ్యూస్టన్‌తోనే. ఇంతవరకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. చార్లెస్ బార్క్‌లీ, కార్ల్ మలోన్, జాన్ స్టాక్టన్‌లకి ఒక్క టైటిల్ కూడా లేదు, ముగ్గురూ ఉన్నారు. స్టాక్టన్ 15,806 అసిస్టుల (తోటివాడు బాస్కెట్ వేసేలా ఇచ్చే పాస్‌లు) రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. హోరీ ఆఖరి నిమిషాల్లో వేసిన షాట్లు నాకు ప్రాణం. అయినా ఆ ఓటింగ్ సరైందే అంటాను.

గుంటూరు రాకెట్ గారూ, సింగిల్స్ అన్నారు కదా, మలేషియా బ్యాడ్మింటన్ ఆటగాడు లీ చాంగ్ వీ సంగతేంటి? మూడు ఒలింపిక్స్‌లో మూడు వెండి పతకాలు. 2012 ఫైనల్లో మూడో గేమ్ 21-19తో చైనా ఆటగాడు లిన్ డాన్‌కి ఓడాడు. 2023లో ఆ ఇద్దర్నీ కలిపే బ్యాడ్మింటన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

గుంటూరు రాకెట్:
నిజమే. లీ విషయంలో నా దగ్గర జవాబు లేదు.

ఖోఖో చెల్లి:
నాకిది ఇంట్లో జరిగిన సంగతి. మా అక్క జిల్లా ఖోఖో జట్టులో అందరికంటే బాగా ఆడేది. పోల్ దగ్గర ఆమె తిరుగుతుంటే అవతలివాళ్ల చేతికి గాలే తగిలేది. జట్టు మాత్రం ఎప్పుడూ సెమీస్‌లో ఆగిపోయేది. స్పోర్ట్స్ కోటాలో సీటుకి వెళితే, ఫైల్ తిరగేసి "అన్నీ పార్టిసిపేషన్ సర్టిఫికెట్లేనా అమ్మా" అని పక్కన పెట్టేశారు. గెలిచిన జట్టులో బెంచీ మీద కూర్చున్న అమ్మాయికి సీటు వచ్చింది. అక్క ఆ ఫైల్ ఇప్పటికీ బీరువా పై అరలోనే ఉంచింది. కప్పు ఉందా లేదా అని ఎవరన్నా అడిగితే నాకు ఆ ఫైలే కళ్లముందు కనిపిస్తుంది.

సికింద్రాబాద్ మావయ్య:
అమ్మా, చదివితే మనసు బరువెక్కింది. మన లక్ష్మణ్ సంగతి చూడండి. 134 టెస్టులు ఆడాడు, వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. 2001లో ఈడెన్‌లో ఫాలో ఆన్ ఆడుతూ కొట్టిన 281 మాత్రం ఎవరు మర్చిపోగలరు? ఆ రోజు నేను సెలవు పెట్టి రేడియో దగ్గరే కూర్చున్నా.

ఉప్పల్ శ్రీను:
ఖోఖో చెల్లి గారూ, మీ అక్కకి నా నమస్కారం చెప్పండి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచాక ఆ కప్పు తీసుకెళ్లి మాజీ ప్లేయర్లు మిథాలీ, ఝులన్, అంజుమ్‌ల చేతుల్లో పెట్టారు. మిథాలీ దాన్ని ఎత్తినప్పుడు మా అమ్మ టీవీ ముందు లేచి నిలబడింది. ఆ కప్పు ఎవరిదో గెలిచినవాళ్లకి బాగా తెలుసు. రేపు లంచ్‌లో ఆ వీడియోనే పెడతా.