రెండో తరగతి పిల్లల్ని పొలానికి తీసుకెళ్లిన వాళ్లున్నారా?

పాలమూరు పంతులు:
మాది వనపర్తి దగ్గర ఊరి బడి. ఒకటి, రెండు తరగతులు కలిపి 26 మంది. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు ఒకరోజు పని జరుగుతున్న పొలానికి తీసుకెళ్దామని ఉంది. హెచ్‌ఎం సరే అన్నారు, బాధ్యత మాత్రం నాదేనట. అదే టెన్షన్.

గట్టుమీది గువ్వ:
పల్లె పిల్లలకు పొలం చూపించుడేంది సార్?

పాలమూరు పంతులు:
సగం మంది అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనిలో ఉన్నారు. పిల్లలు నానమ్మల దగ్గర. ఇంటికి భూమి ఉన్నా చేసేవాళ్లు లేరు.

నాగర్‌కర్నూల్ అమ్మ:
పల్లి పీకేటప్పుడు పొండి. అక్టోబర్, నవంబర్‌లో వేసింది ఫిబ్రవరి, మార్చికి పీకుడుకొస్తుంది. పోయినేడు మా పాప క్లాసు వెంట నేనూ వెళ్లాను. రైతు పిల్లల కోసం ఒక సాలు ఆపి, ముందురోజు దానికి కాస్త తడి పెట్టాడు. నేల గట్టిగా ఉంటే చిన్న చేతులకు రాదు, కాయలు లోపలే తెగిపోతాయి. ఒక పిల్లాడు చెట్టు పీకి, వేళ్లాడే కాయలు చూసి "వీటిని లోపల ఎవరు పెట్టిన్రు?" అన్నాడు. రైతు నవ్వలేదు. అదే చెట్టుకు ఇంకా మట్టి అందని ఊడ ఒకటి వెతికి పట్టుకున్నాడు. పువ్వు వాడినంక ఇది కిందికి దిగి మట్టిలోకి పోతదని, దీని కొసకే కాయ కడుతదని చూపించాడు. ఇన్నేళ్లు పల్లీలు తిన్నా, నాకూ అప్పుడే తెలిసింది. తర్వాత అక్కడే ఎండు కంప మంటలో కాల్చి పెట్టారు. మూతులన్నీ మసి!

నల్లగొండ టీచరమ్మ:
మేం యాసంగి వరి చూడ్డానికి పోయాం. పురుగుమందు కొట్టట్లేదు కదా అని రైతును ముందే అడిగాను. పక్క పొలం సంగతి అడగలేదు. మేం ఒడ్డు మీదికి పోయేసరికి అక్కడ కొడుతున్నారు, గాలి మా వైపే. ఇద్దరికి వాంతులు. పరుగున వెనక్కి తెచ్చి, ఆస్పత్రిలో చూపించి, సాయంత్రం ఇళ్లకు పోయి నేనే చెప్పాను. తప్పు నాదే. బోరు మోటారు కరెంటు స్టార్టర్ డబ్బా ఎక్కడుందో కూడా ముందే చూసుకోండి. నీళ్లు బడి నుంచే మోయండి. మా వైపు బోరు నీళ్లంటే ఫ్లోరైడ్, మీకు చెప్పేదేముంది.

చెలక రైతు:
రైతుగా ఒక మాట. ఎనిమిది లోపు రండి, పదయితే ఎండకు కూలీలే చెట్టు కిందికి పోతారు. కైకిలోళ్ల నడుమ పిల్లల్ని వదలొద్దు, పని ఆగితే పైసలు మావే పోతాయి. మా దగ్గరికొచ్చిన ఒక బడివాళ్లు ఫొటోలకే అరగంట తీసుకున్నారు.

పాలమూరు పంతులు:
అందరికీ థాంక్స్. పల్లి చేనే ఖాయం. మా వంటామె తమ్ముడి చెలకలో శుక్రవారం పీకుడు. ఒక సాలు ఆపి తడి పెట్టమన్నాను. పక్కోళ్లు మందు కొడతారా అని కూడా అడిగాను. "పక్కన ఎవరున్నరు సారూ, రెండు దిక్కులా పడావే" అన్నాడు.