నిండు నూరేళ్ళా, నూరేళ్ళు నిండాయా?

మొన్న మా అమ్మమ్మకి 96 నిండాయి. సత్యనారాయణపురంలో ఇంటి ముందు కట్టడానికి ఫ్లెక్సీ వేయించాం. 'నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి' అని రాసిస్తే, షాపులో కుర్రాడు 'మీకు నూరేళ్ళు నిండాలని కోరుకుంటూ' అని కొట్టేశాడు. కట్టాక గాని చూసుకోలేదు. మా పెద్దమామయ్యకి ఒకటే టెన్షన్. 96 నిండితే పండగ చేశాం కదా, నూరు నిండటం మాత్రం తిట్టు ఎందుకయింది?

— బ్రాడీపేట నుంచి మాస్టారి జవాబు: మనిషి ఆయుష్షు మొత్తమే నూరని లెక్క కాబట్టి. ముందొచ్చే 'నిండు' నిండు కుండ, నిండు చందమామ లాంటిది, లోటు లేనిదని. వెనకొస్తే క్రియ, కోటా పూర్తయిందని. తమాషా ఏమిటంటే, ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటాం? 'నిండుకున్నాయి' అంటాం. డబ్బా అడుగు కనిపిస్తున్నా నోటికి మాత్రం నిండే! 'భూమ్మీద నూకలు చెల్లాయి' అన్నదీ ఆ డబ్బా లెక్కేనండీ.

— ఈ లెక్కలెందుకు మాస్టారూ, 'చిరంజీవ' అంటే పోలా?

— బ్రాడీపేట నుంచి: 'చిర' అంటే చాలాకాలం అనే, ఎప్పటికీ అని కాదు. పైగా ఏడుగురు చిరంజీవుల్లో మనం హనుమంతుణ్ణి తలుచుకుంటాం గాని, అశ్వత్థామా ఉన్నాడు. భారతంలోని సౌప్తిక పర్వంలో కృష్ణుడు అతన్ని చావమని శపించలేదు. 3000 ఏళ్ళు తోడు లేకుండా, మాట్లాడే మనిషి లేకుండా తిరగమన్నాడు. బిడ్డ తుమ్మితే 'చిరంజీవ' అనేటప్పుడు ఇది ఎవరికి గుర్తుంటుంది? నూరు శరత్తులు, అంటే నూరేళ్ళు, అడిగే శుక్ల యజుర్వేద మంత్రం చూడండి. చూపు, బతుకు, వినికిడి, మాట, దైన్యం లేకుండా ఉండటం, ఒక్కోదానికీ విడిగా నూరేసి అడిగి, ఆ తరవాతే 'నూరు దాటినా సరే' అంటుంది. బేరం తెలిసినవాళ్ళు!

— ఇదంతా అమ్మమ్మకి చదివి వినిపించాను. ఫ్లెక్సీ చూసి ఆవిడ ఆరోజే నవ్వేసింది, 'ఇంకా నాలుగేళ్ళేగా, కుర్రాడు లెక్క సరిగ్గానే వేశాడు' అని. పోనీ ఎప్పటికీ ఉండిపోతావా అంటే, 'అంతెందుకురా, ఈ ఏడు ఆవకాయ కలిపేదాకా చాలు' అంది. పోయినేడూ ఇదే మాట. గుంటూరు నుంచి కారం తెమ్మని అప్పుడే పురమాయించింది కూడా.