మద్రాసును కట్టిందెవరని మా పాపకి చెప్పను?

సౌకార్‌పేట అమ్మ:
అందరికీ నమస్కారం. నాలుగు తరాలుగా మాది మద్రాసే, ఇంట్లో తెలుగే. మా పాప ఏడో తరగతి. ఆగస్టు 22 మద్రాసు డేకి చార్టు వేయమన్నారట. "1639లో ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషాయన ఖాళీ ఇసుక నేల తీసుకుని ఊరు కట్టాడు" అని రాసుకొచ్చింది. అది చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ నేల ఇచ్చింది చంద్రగిరి రాయల కింద ఉన్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు కదా! ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అంటారు. మా నానమ్మ పోయేదాకా చెన్నపట్నమనే అంది. డే పేరు కొట్టేసి నాయకుడి పేరు రాయించనా?

దుగరాజపట్నం వైపు వాణ్ణి:
రాయించక్కా. పక్కనే మా ఊరి పేరు కూడా. ఇంగ్లీషువాళ్ళు ఆర్మగాన్ అన్నది మా దుగరాజపట్నాన్నే. 1626 నుంచి ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి ఇక్కడుండేది. ఇక్కడ మంచి గుడ్డ చౌకగా దొరకట్లేదని డే దక్షిణానికి వెతుక్కుంటూ పోయాడు. 1640 ఫిబ్రవరికి మొత్తం మద్రాసుకి తరలిపోయారు. మా ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు.

పాత బస్తీ పాఠకుడు:
అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ ఒక పేరు తీసి ఇంకో పేరు పెడితే సరిపోదు. నాయకుడు ఊరికే ఇవ్వలేదు. రేవు సుంకంలో సగం తనకు రావాలన్నాడు, పారసీక గుర్రాల మీదా ఆశ ఉంది. ఖాళీ నేల అన్నదీ అబద్ధమే. ఆయనిచ్చిన కౌలు పత్రంలోనే మద్రాసుపట్నం అనే ఊరి పేరుంది. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడిలో పల్లవుల నాటి శాసనం ఉంది. ఊరు నిండింది సుంకం ఉండదన్న మాట నమ్మి వచ్చిన నేతగాళ్ళతో. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, నాకు కడుపు మండేది అక్కడే.

వాళ్ళున్న చోటుకి కంపెనీవాళ్ళు నల్లవాళ్ళ ఊరని పేరు పెట్టారు. ఫిరంగులకు అడ్డం ఉండకూడదని, 1746లో సెయింట్ జార్జి కోట పట్టుకున్న ఫ్రెంచివాళ్ళు ఆ ఇళ్ళలో కొన్ని, కోట తిరిగి దక్కాక ఇంగ్లీషువాళ్ళు మిగతావి పడగొట్టారు. కంపెనీ దుబాసి, అంటే మాట తర్జుమా చేసే మధ్యవర్తి, బేరి తిమ్మన్న కట్టించిన చెన్నకేశవ స్వామి గుడీ పోయింది. ఇప్పుడక్కడ హైకోర్టు ఉంది. గుడిని మళ్ళీ పూల బజారులో కట్టారు, మీ ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. ఇక మీదట కోట వైపు ఇల్లు కట్టకూడదని హద్దుగా కంపెనీవాళ్ళు ఆరు రాతి స్తంభాలు పాతారు. ఒకటి ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ ఆవరణలో ఇంకా ఉంది. పాపకి చూపించండి.

సౌకార్‌పేట అమ్మ:
చాలా థ్యాంక్సండీ. నిన్న వెళ్ళాం. రోజూ ఆ రోడ్డునే వెళ్తాను, ఎప్పుడూ చూడలేదు. కార్ల మధ్య నిలబడి ఉంది. పాప చేత్తో తడిమి, "ఇటువైపు వాళ్ళ ఇళ్ళా అమ్మా, అటువైపువా?" అంది. కోట వైపు చూపించాను. డే పేరు ఉంచింది, నాయకుడి పేరు చేర్చింది. మధ్యలో మగ్గం బొమ్మ గీస్తోంది, గుంట మగ్గం ఎలా ఉంటుందో ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.