ప్రసూతి వైరాగ్యం: మూల శ్లోకంలో ‘ప్రసూతి’ ఎక్కడ?

శారద: కాసేపు కలిగి పోయే విరక్తిని పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అంటాం కదా. వీటి మూల శ్లోకంలో ‘కో న ముచ్యేత బంధనాత్’ (ఆ బుద్ధే నిలిస్తే బంధం నుంచి ఎవరు విడివడరు?) అన్న చివరి పాదం తప్ప నాకేమీ గుర్తుకు రావడం లేదు. ఇంకొక సందేహం. నొప్పులు పడుతూ ‘ఇక పిల్లలు వద్దు’ అనుకోవడానికే ఈ మాట వాడుతున్నాం. కాన్పయ్యాక వారాల తరబడి వీడని దిగులుకు ఇది ఎప్పుడైనా వర్తించిందా?

విశ్వనాథం: అందులో ప్రసూతి లేదండీ. ‘ధర్మాఖ్యానే శ్మశానే చ రోగిణాం యా మతిర్భవేత్’ అని చాణక్యనీతి పాఠం. ధర్మబోధ వింటున్నప్పుడు, శ్మశానంలో, రోగులకు కలిగే బుద్ధి అని అర్థం. మూడోది రోగి. రోగి స్థానంలోకి బాలింత తరువాతి వాడుకలో వచ్చి చేరిందని నా నమ్మకం.

రామ్మోహన్: విశ్వనాథం గారూ, ‘పురాణాంతే శ్మశానాంతే మైథునాంతే చ యా మతిః’ (పురాణం, శ్మశానం, సంభోగం ముగిశాక కలిగే బుద్ధి) అన్న పాఠాన్ని వదిలేశారు. మైథునం పలకడానికి మొహమాటపడి ‘ప్రసూత్యంతే’ అని మార్చుకుని ఉంటారు. గణం చెడదు, పలికి చూడండి. ‘అంతే’ ఉంది కనుక కాన్పు ముగిశాక కలిగే బుద్ధి అనే చెప్పుకోవాలి. శారద గారి రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

విశ్వనాథం: గణం సరిపోయినంత మాత్రాన పాఠం అయిపోదు. ఏ ప్రతిలో ఉందో చెప్పండి.

పద్మావతి: ‘అంతే’ సంగతి ఎలా తేలినా ఈ సామెత నాకు మింగుడుపడదు. మూడూ నిలవని బుద్ధులే అన్నది దాని సారం. తల్లి బాధ రెండు రోజుల్లో మరిచిపోయేదని ముందే తీర్పు చెప్పేసింది. వైద్యులు సైతం చాలాకాలం ఒక కొసనో మరో కొసనో పట్టుకున్నారు: అయితే కన్నీళ్లు, లేకపోతే ఉన్మాదం. 1858లో పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే గర్భిణులకు, బాలింతలకు, పాలిచ్చే తల్లులకు వచ్చే మానసిక వ్యాధులపై పెద్ద గ్రంథమే రాశాడు. అయినా పిచ్చి అనదగ్గంత తీవ్రమైన స్థితులే ఎక్కువగా లెక్కకు వచ్చాయి. ఇంగ్లండులో 1922 నాటి శిశుహత్య చట్టం తల్లి మనసు అదుపు తప్పడాన్ని గుర్తించింది. అదీ బిడ్డ చనిపోయాక! పిచ్చి కాకుండా, ఊరికే కన్నీళ్లు కూడా కాకుండా మధ్యలో మగ్గిపోయిన తల్లులను 1968లో బ్రైస్ పిట్ ప్రత్యేకంగా పరిశీలించాడు. 1987లో బాలింతల కుంగుబాటును పసిగట్టే ఎడింబరో ప్రశ్నావళి వచ్చింది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. పసిబిడ్డ ఉన్న తల్లికి అలసటలాంటివి ఎలాగూ ఉంటాయి కనుక శారీరక లక్షణాలను పక్కనపెట్టి మనసునే అడిగారు. నిద్ర గురించి అడిగినా, దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా అనే అడిగారు. నాకు అది ఎంతో గొప్ప ఆలోచన అనిపిస్తుంది.

రామ్మోహన్: మన కవులు ఆ మధ్య స్థితిని ఎప్పుడో పట్టుకున్నారు. ఆదిపర్వంలో కర్ణుణ్ణి కన్న కుంతి తనను తాను ప్రశ్నించుకునే ఘట్టం చూడండి. ముని మంత్రమెందుకు ఇచ్చాడు, నేనెందుకు పరీక్షించాను అని. ఒక్క ఉపమానం అక్కర్లేకుండా నన్నయ మనసును విప్పి చూపాడు. అక్షర రమ్యత అంటే అదీ.

విశ్వనాథం: అది లోకాపవాద భయం, రామ్మోహన్ గారూ. సూతికా రోగం, అంటే బాలింత జబ్బు కాదు. కుంతికి దిగులు పడడానికి కారణం ఎదుటే ఉంది. కారణం కనపడకపోవడమే ఈ జబ్బులో తల్లిని తినేది.

పద్మావతి: కారణం కనపడితే జబ్బు కాదనడం సరికాదు. ఒంటరితనం, ఆదరణ లేకపోవడం కూడా దీనికి దారితీస్తాయి. కుంతి నదికి బిడ్డను వదిలింది ఒంటరిగానే.

శారద: మరి ‘ప్రసవానంతర కుంగుబాటు’లో ‘అనంతర’ మాట? అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ సూచిక (డీఎస్‌ఎం) 1994లో కాన్పయిన నాలుగు వారాల్లోపు మొదలైనదే అంది. 2013లో గర్భకాలాన్నీ కలిపింది. అలాంటప్పుడు ‘అనంతర’ ఇరుకు కాదా?

రామ్మోహన్: ‘పరిప్రసవ’ అనవచ్చు. పరి అంటే చుట్టూ. ‘ప్రసూత్యంతే’లో అంతమంటే సమీపమనే అర్థం కూడా ఉంది, వనాంతంలో లాగా. అప్పుడు ముందూ వెనకా రెండూ ఇముడుతాయి.

విశ్వనాథం: నిన్న ‘అంతే’ అంటే ముగిశాక అన్నారు. ఈరోజు సమీపమా? ముందు ప్రతి చూపండి.