బడి గేటు దగ్గర ఇంజన్ ఆపాలా, ఉంచాలా?

బైరాగిపట్టెడ నాన్న:
అన్నలూ, ఒక సందేహం. పాపను బడి నుంచి తెచ్చేది నేనే. మూడున్నరకు బెల్లు కొడితే, మూడుంబావుకే వెళ్లి గేటు దగ్గర చోటు పట్టుకోవాలి. తిరుపతి ఎండ సంగతి మీకు తెలిసిందే, ఏసీ లేకుండా కార్లో కూర్చోలేం. రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. నిన్న అక్కడ జామకాయలమ్మే అవ్వ అద్దం మీద తట్టి, "నాయనా, నీ బండి పొగంతా నా మొగానే కొడతా ఉండాది" అనింది. సిగ్గేసి ఆపేశాను. మా బావేమో మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేస్తే బ్యాటరీ పోతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది అంటాడు. ఏది నిజం? నాది 2021 పెట్రోల్ కారు.

రేణిగుంట రోడ్డు మెకానిక్:
మీ బావ చెప్పేది పాత బండ్లలో పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్, చోక్ ఉన్న కాలం మాట. మీ కారు బీఎస్6, అంటే పొగ తగ్గించే నిబంధనలకు తగ్గట్టు చేసింది, ఫ్యూయల్ ఇంజెక్షన్. స్టార్ట్ చేసేటప్పుడు ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరే చూసుకుంటుంది. పది సెకన్లకు మించి ఆగేటట్టుంటే ఆపడమే లాభం. చిన్న కారు నిలబడి గంటకు అర లీటరు పైనే తాగుతుంది, ఏసీ వేస్తే లీటరు దాకా పోతుంది. రోజుకు ఇరవై నిమిషాల లెక్కన నెలకు పాతిక బడి రోజులు వేసుకోండి, ఎనిమిది లీటర్లు! లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది వేరే లెక్క.

రోజుకు రెండు మూడుసార్లు ఎక్కువ స్టార్ట్ చేసినంత మాత్రాన స్టార్టర్ మోటారు పాడవదు. కాకపోతే ఇంజన్ ఆపేసి పాటలు, బ్లోయరు అలాగే వదిలేయొద్దు. బ్యాటరీ పాతదైతే ఒకసారి చెక్ చేయించండి.

చంద్రగిరి ట్యాక్సీ:
ఒక్క మాట. నేను కొండకు ట్రిప్పులు తిప్పుతాను, నాది టర్బో డీజిల్. లోడుతో ఘాట్ ఎక్కి పైకి చేరగానే టక్కున ఆపను. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం, కాగిపోయి ఉంటుంది, ఒక నిమిషం ఆగి ఆపుతాను. ఒక నిమిషమే, టీ తాగి వచ్చేదాకా కాదు. అలిపిరి చెకింగ్ దగ్గర లైను కదలకపోతే మాత్రం ఆపేస్తాను.

పెట్రోలు మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు సామీ. ఇంజన్ ఆగితే బ్రేకును తేలిగ్గా తొక్కనిచ్చే వాక్యూమ్ సాయం అందదు. ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువైపోతుంది. మలుపులో అప్పుడు ఏం చేస్తారు? తక్కువ గేరులో దిగండి చాలు.

స్టాఫ్ నర్సు:
ఆ అవ్వ చెప్పింది చిన్న విషయం కాదు. గేటు దగ్గర నిలబడే పిల్లల ముక్కు పెద్దవాళ్లకంటే సైలెన్సరుకు దగ్గర. వాళ్ల ఊపిరి వేగమూ ఎక్కువే. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆయాసం రావడానికి ఆ పొగ చాలు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

నాకు ఇంకా భయం వేసేది వేరే. యాత్రికులను దింపిన డ్రైవర్లు రాత్రి అద్దాలెక్కించి, ఏసీ వేసుకుని బండ్లోనే పడుకుంటారు. సైలెన్సర్ లీకున్నా, గాలి ఆడని సెల్లార్లో బండి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలో తెలియనే తెలియదు.

బైరాగిపట్టెడ నాన్న:
వారం తర్వాత రాస్తున్నాను. ఇప్పుడు మూడు ఇరవై ఐదుకు వెళ్తున్నాను. వంద అడుగుల అవతల వేపచెట్టు కింద కారు ఆపేసి, నడిచి గేటు దగ్గరికి పోతున్నాను. గేటు ముందు చోటు కోసం కొట్లాట తప్పింది. మూడు స్కూల్ వ్యాన్లు మాత్రం ఇంకా గుర్రుగుర్రుమంటూనే ఉన్నాయి. డ్రైవర్లను అడిగితే "మళ్లీ స్టార్ట్ అవదు సార్" అంటారు. పేరెంట్స్ మీటింగులో అడగాలి.

అన్నట్టు, బ్యాటరీ చెక్ చేయించాను. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12 వోల్టులే చూపించింది.

రేణిగుంట రోడ్డు మెకానిక్:
నిండుగా ఉంటే 12.6 చూపించాలి. ముందు ఫుల్ ఛార్జింగ్ పెట్టించి మళ్లీ చూడండి, నిలవకపోతే మార్చేయండి. అదీ వారం రోజులు ఆపి స్టార్ట్ చేసినందుకు కాదు, దాని వయసైపోయినట్టే.

బైరాగిపట్టెడ నాన్న:
సరే అన్నా. మా బావకు మాత్రం ఈ బ్యాటరీ సంగతి చెప్పను.