మైనస్ 9 ఉంది, శుక్లం లేదు: ఇప్పుడే లెన్స్ మార్పించొచ్చా?

ఉద్దానం:
మా బావగారిది కవిటి, 49 ఏళ్లు. రెండు కళ్లకీ మైనస్ 9. శుక్లం ఇంకా లేదన్నారు. అయినా కంటిలోని లెన్స్ తీసి మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ కనిపించే లెన్స్) వేస్తే అద్దాలక్కర్లేదని ఒక ఆసుపత్రిలో చెప్పారు. రాత్రిళ్లు హైవే మీద కారు నడుపుతారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.8. ఏటి చెయ్యమంటారు?

నాగావళి:
శుక్లం ఉన్నా లేకపోయినా ఆపరేషన్ ఒకటేనండి: రెండున్నర మిల్లీమీటర్ల కోత, ఫేకో (అల్ట్రాసౌండ్‌తో లెన్స్ పగలగొట్టి తీయడం), మడత లెన్స్. శుక్లం ఉన్నవాళ్లు మసకబారిన లెన్స్ తీయించుకుంటారు. మీ బావగారు అద్దాలతో శుభ్రంగా కనిపిస్తున్న కంటిని కోయించుకుంటారు, తేడా అదీ. మైనస్ 9 కన్ను పొడవు మామూలుగా 26 మి.మీ. దాటుతుంది, రెటీనా (కంటి వెనక పొర) సాగి పల్చబడి ఉంటుంది. లెన్స్ తీశాక లోపలి జెల్లీ ముందుకు జరిగి రెటీనాను లాగుతుంది. వయసు తక్కువున్న మగవాళ్లలో రెటీనా ఊడే ప్రమాదం మరీ ఎక్కువ. ముందు కంటిపాప పెద్దదయ్యే మందు చుక్కలు వేయించి రెటీనా అంచుల దాకా చూపించండి. చిల్లులుంటే లేజర్ కావాలా అని అడగండి. జెల్లీ రెటీనా నుంచి ఇప్పటికే విడిపోయిందా అనీ అడగండి. విడిపోయి ఉంటే ప్రమాదం తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్కనుంచి తెర కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.
నా మాటైతే ఆగమనే.

వంశధార:
రాత్రి డ్రైవింగ్ ఉన్నవాళ్లకి మల్టీఫోకల్ నేను చెప్పను. ఎదురు లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుగులో స్పష్టత తగ్గుతుంది. దూరానికి సరిచేసే మోనోఫోకల్ వేస్తే చదవడానికి ప్లస్ 2.5 అద్దాలు తప్పవు. ఇంకొకటి: ఒక కన్ను చేయించి రెండోది మైనస్ 9 తోనే వదిలేస్తే అద్దాలతో రెండు బొమ్మలూ కలవవు. రెండో ఆపరేషన్ దాకా ఆ కంటికి కాంటాక్ట్ లెన్స్ కావాలి. కొలతలకి ముందు మాత్రం మెత్తటి లెన్సులు కనీసం వారం, వీలైతే రెండు వారాలు మానాలి.

చంపావతి:
క్రియాటినిన్ సంగతి ముందే చెప్పండి. కంటి ఒత్తిడి పెరక్కుండా డయామాక్స్ బిళ్లలు ఇస్తుంటారు, నొప్పి బిళ్లలూ రాస్తారు. రెండూ కిడ్నీకి మంచివి కావు. ఇన్సూరెన్స్ అయితే 7.5 కన్నా తక్కువ పవర్‌కి ఇవ్వరు. మైనస్ 9 దానికి పైనే, అయినా ముందస్తు అనుమతి కాగితం మీద తీసుకోండి. ఒకవేళ ఆగితే, శుక్లం వచ్చాక పొర ముదరాలని మాత్రం ఎదురుచూడొద్దు. గట్టిపడిన లెన్స్ పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడాలి, నల్లగుడ్డు మీది కార్నియా దెబ్బతింటుంది.

ఉద్దానం:
రెటీనా పరీక్షకి శ్రీకాకుళం తానే కారు నడుపుకుని వెళ్లొచ్చా?

నాగావళి:
వద్దండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు. ఎవరినైనా తోడు పంపండి, నల్లద్దాలు పెట్టుకోమనండి.