అప్రైజల్ ఫారం బదులు నెలనెలా మాట్లాడటం: మరి ఇంక్రిమెంటు ఎలా?

పర్లాకిమిడి_ఆఫీసు:
జీడిపప్పు యూనిట్. పీస్ రేటు వాళ్ళు కాక నెల జీతం మీద 60 మంది, వాళ్ళపైన 8 మంది సూపర్వైజర్లు. మార్చిలో అయిదు మార్కుల ఇంగ్లీషు ఫారం ఆపేసి, సూపర్వైజరు నెలకోసారి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాలని యజమాని అంటున్నారు. మార్కులు లేకపోతే జీతం దేన్నిబట్టి పెంచాలి? కేకలెయ్యడం తప్ప తెలియని సూపర్వైజర్లకు ఏం నేర్పాలి? స్టాఫ్‌లో ఒడియా, తెలుగు, సవర వాళ్ళున్నారు. కాగితం ఏ భాషలో ఉండాలి?

రాయగడ_హెచ్చార్:
ముందు డబ్బును ఆ మాటల్లోంచి బయటికి తియ్యండి. జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన పరిశీలన 1965లోనే అచ్చయింది. లోపాలూ జీతమూ ఒకే కూర్చోడంలో మాట్లాడితే మనిషి తనను సమర్థించుకోడంలోనే పడిపోతాడని అందులో తేలింది. మన ఫారాల్లో ఇప్పటికీ రెండూ ఒకే పేజీ!

పెంపులో పెద్ద భాగం ధరలనుబట్టి అందరికీ ఒకేలా ఇవ్వండి. తర్వాతి భాగం పని మెట్లనుబట్టి: బోర్మా (పప్పు ఎండబెట్టే పొయ్యిగది) ఒక్కటే చూడగలిగితే ఒక మెట్టు, పప్పును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ కూడా ఒంటరిగా నడిపితే రెండోది. పరీక్ష పనిమీదే పెట్టాలి, చూసేది వేరే సెక్షన్ సూపర్వైజరు. చట్టం చెప్పే 8.33 శాతం కనీస బోనసును దీంట్లోకి లాగొద్దు.

మార్కులు పోతాయని బెంగ అక్కర్లేదండి. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో రేటింగుల తేడాల్లో సగానికి పైగా మార్కులేసిన వాళ్ళ తీరువల్లే వచ్చాయని తేలింది.

బోర్మా_గ్రేడింగ్:
మాట్లాడించడం గురించి. మనిషికి 20 నిమిషాలు చాలు, అదీ షిఫ్టు టైములోనే. భోజనం టైము మింగితే శిక్ష అనుకుంటారు. ముందు ఒక అంకె ఉండాలి. ముక్క శాతం (విరిగిన పప్పు వాటా) పెరిగిందనుకోండి. "ఎందుకిలా చేశావ్" అంటే సాకులే వస్తాయి. "ముక్క ఎక్కడ పడుతోంది? కటింగ్‌లోనా, పీలింగ్‌లోనా?" అని అడిగి, జవాబొచ్చేదాకా ఊరుకోవాలి. పది సెకన్లు నోరు మూసుకోడమే మనవాళ్ళకి అన్నిటికన్నా కష్టం. కటింగ్ దగ్గరైతే పిక్కల సైజులు కలిసిపోయి బ్లేడు పప్పుకు తగులుతూ ఉండొచ్చు. పీలింగ్ దగ్గరైతే బోర్మాలో ఎక్కువ ఎండి పెళుసెక్కి ఉండొచ్చు. సూపర్వైజరుకు ఈ రెండూ తెలుసు, కానీ తనే చెప్పేస్తే ఎదుటివాడు తలూపి వెళ్ళిపోతాడు.

చివర్లో: "వచ్చే వారం ఏది మార్చి చూస్తావ్? నేనేం చెయ్యాలి?" మార్పు ఒక్కటే ఉండాలి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. వాళ్ళు తేమ మీటరు అడిగితే వారంలో ఇవ్వండి, లేదా కుదరదని చెప్పండి. ఈ పద్ధతి ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

కొత్తగా చేరినవాణ్ణి మాత్రం "నువ్వేమంటావ్" అని అడగొద్దు. వాడికి చేసి చూపించాలి.

గుణుపురం_లేబర్:
పై ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. దొంగతనం, తాగి డ్యూటీకి రావడం, మెషీన్ గార్డు తీసేసి నడపడం లాంటివి ఈ మాటల్లో తేల్చేవి కావు. వాటికి షోకాజ్ నోటీసు (సంజాయిషీ అడిగే కాగితం), డొమెస్టిక్ ఎంక్వైరీ (సంస్థ లోపలే జరిపే విచారణ) వేరే దారి. ఎంక్వైరీలో ఈ నెలనెలా మాటల్లో రాసుకున్న నోట్సు ఒక్కసారి బయటపెట్టారంటే ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పరు.

కాగితం రెండు లైన్లే: ఏం మారుస్తాం, ఎప్పటికి. చదివేది వాళ్ళు కాబట్టి వాళ్ళకొచ్చిన లిపిలోనే రాయండి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి. సవర మాటకు మధ్యవర్తి కావాలంటే ఎవరు కూర్చోవాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి, పైవాళ్ళని పెట్టొద్దు.

పర్లాకిమిడి_ఆఫీసు:
థాంక్సండి. యజమాని ఆ నోట్సు నెలనెలా తనకు చూపించమంటున్నారు.

రాయగడ_హెచ్చార్:
ఎవరితో ఏ తేదీన కూర్చున్నారో ఆ పట్టీ చూపించండి, నోట్సు వద్దు. పైవాళ్ళు చదువుతారని తెలిస్తే రెండో నెలకల్లా అందరి కాగితాల్లోనూ ఒకే వాక్యం ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు యజమానే 8 మంది సూపర్వైజర్లతో ఇలా కూర్చోమనండి. తనతో ఎవరూ అలా మాట్లాడకపోతే సూపర్వైజరు కిందివాళ్ళతో ఎలా మాట్లాడతాడు?